అత్తయ్య మూటలు, మీరు అడగని మాట

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర లంక ఊరు. మా అత్తయ్య ముప్ఫయ్యేళ్లు ఊళ్లో జాకెట్లు కుట్టారు. మిగిలిన గుడ్డ ముక్కలు నాలుగు మూటలున్నాయి. ఏటా వరదకి అటకెక్కించలేక, ఆ ముక్కిపోయిన వాసన భరించలేక, ఒక మూట బైకుల మెకానిక్‌కి తుడుచుకోడానికి ఇచ్చేశాను. పది రోజులుగా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మిగతా వాటితో బొంత కుట్టించి ఇస్తే కోపం తగ్గుతుందా?

జవాబు: బొంత మంచి ఆలోచనేనమ్మా, కానీ అది తర్వాత. ముందు మెకానిక్ దగ్గరికెళ్లి, మూటలో ఏమైనా మిగిలి ఉంటే తెచ్చేయండి. తెచ్చి, "అడక్కుండా ఇచ్చేశాను అత్తయ్యా, తప్పు నాదే" అనండి. వరద, వాసన, చోటు చాలకపోవడం నిజాలే అయినా ఆ పూట వాటి ఊసెత్తకండి. మీ కంటికి అవి పీలికలు. ఆవిడ మాత్రం ఏ ముక్క ఎవరి పెళ్లి జాకెట్టుదో చెప్పగలరు.

ఇక "కుట్టించి ఇస్తే" అన్నారు. బయట ఇవ్వొద్దు. మూట ఆవిడే విప్పాలి, కత్తెర ఆవిడ చేతిలోనే ఉండాలి. మీరు సూదుల్లో దారం ఎక్కించండి, ఇస్త్రీ చేయండి. కుట్టు వంకర పోయినా సరిచేయబోకండి.

పని తెలిసిన మనిషే అయినా, జాకెట్టు వేరు, బొంత వేరు. ముందు నూలు ముక్కలు విడిగా తీయండి. వాటితో పట్టు, పాలిస్టర్ కలిపితే ఉతికాక అన్నీ ఒకేలా కుంచించుకోక, బొంత ముడతలు పడుతుంది. బూజు మచ్చలున్న ముక్కని రెండు చేతులా లాగి చూడండి, చిరిగితే పక్కన పెట్టేయండి. ఎరుపు, నీలం విడిగా నానబెట్టి, తడి మీద తెల్లగుడ్డతో అద్ది చూడాలి. రంగు అంటుతూనే ఉంటే వాడొద్దు.

ముక్కకి 7 అంగుళాల చదరం. చుట్టూ అరంగుళం కుట్టులో పోతే 6 మిగులుతుంది. రెండేసి చొప్పున రెండు వరసల్లో నాలుగు కలిపితే ఒక గడి. అడ్డం 4, నిలువు 6, మొత్తం 24 గడులకి 96 ముక్కలు. 4 అడుగులు, 6 అడుగుల బొంత. చిన్న పీలికల్ని కలిపి కుట్టి, తర్వాత 7 అంగుళాలకి కత్తిరించవచ్చు. చెడేదల్లా చంక దగ్గర మిగిలిన ఏటవాలు ముక్కలతోనే. అవి కుట్టేటప్పుడు సాగి గడి కొలత తప్పిస్తాయి. ప్రతి గడీ జత చేసేముందు, అంచుల్లో కుట్టుకి వదిలింది కలుపుకుని 13 అంగుళాలుందో లేదో టేపు పెట్టి చూడండి. తేడా వస్తే "ఇది ఒకసారి చూస్తారా అత్తయ్యా" అని ఆవిడకే ఇవ్వండి. మాట అక్కడే మొదలవ్వచ్చు.

అడుక్కి పాత నూలు చీర. పన్నా 45 అంగుళాలే కాబట్టి 80 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన జత చేయాలి. మధ్యలోకి అలాంటిదే ఇంకో చీర చాలు. దూది వద్దు, మన తేమకి లోపల ఆరక వాసన పట్టేస్తుంది. మూడు పొరలూ నేల మీద పరిచి, జానెడేసి దూరంలో పెద్ద కుట్లు వేశాక, నడిమి నుంచి అంచులకి రెండంగుళాల వరసల్లో కుట్టుకు రండి. అంచు నుంచి మొదలెడితే గుడ్డంతా నడుమకి పోగుపడుతుంది. వానాకాలంలో మొదలుపెట్టకండి, మాఘం ఎండలు వచ్చాక చూసుకోండి.

బొంత వద్దంటే బలవంతపెట్టొద్దు. మూత బిగుతుగా పట్టే ట్రంకుపెట్టె ఒకటి కొని, అందులో పట్టేంత ఏరుకోమనండి. మిగిలింది ఎవరికివ్వాలో ఆవిడే చెప్తారు. మీ ఆయన్ని మాత్రం మధ్యవర్తిగా పంపకండి.