కొత్త కార్ట్రిడ్జ్‌ని ప్రింటర్ గుర్తించడం లేదా?

నమస్తే అండీ. కొత్త నల్ల ఇంకు కార్ట్రిడ్జ్ వేసినా ‘గుర్తించలేదు’ అనే వస్తోందన్నారు, రేపటికి పాప ప్రాజెక్టు ప్రింటు తీయాలన్నారు. టెన్షన్ పడకండి. దాన్ని బయటికి తీసి వెలుతురులో చూడండి.

ఒక పక్కన చిన్న చిన్న రాగి గళ్లు మెరుస్తుంటాయి. ప్రింటర్‌కు సమాచారం అందేది వాటి నుంచే. వాటి మీద టేపు ముక్క మిగిలినా, వేలి జిడ్డు అంటినా, ఇంకు ఎండినా ఇదే గొడవ. నూగు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపి, గట్టిగా పిండి, మెల్లగా తుడవండి. ఇంకు వచ్చే రంధ్రాలను మాత్రం ముట్టుకోవద్దు. ప్రింటర్ లోపల కార్ట్రిడ్జ్ కూర్చునే చోట కూడా పిన్నులుంటాయి. ప్లగ్ తీసేసి వాటినీ తుడవండి. పది నిమిషాలు ఆరాక, టక్కుమని పట్టేదాకా నొక్కండి. మా ఇంట్లో ఇదే సమస్య వస్తే, రాగి గళ్ల మీద సన్నటి పారదర్శక టేపు అంచు అతుక్కుని ఉంది. రెండు రోజులు కంటికి కనపడలేదు!

పెట్టె మీది నంబరు మీ ప్రింటర్ మోడల్‌కు సరిపోయిందో లేదో కూడా చూడండి.

మీరు కొన్నది కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ (అంటే ప్రింటర్ కంపెనీది కాకుండా వేరే కంపెనీ తయారుచేసినది) అయితే సంగతి వేరు. ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యాక కొన్ని ప్రింటర్లు వేరే కంపెనీ చిప్‌ను ఒప్పుకోవు. అప్పుడు ఎంత తుడిచినా లాభం లేదు. షాపులో కొత్త చిప్ ఉన్నది అడిగి మార్పించుకోండి, సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి. ఈలోగా పాప ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి దగ్గర్లోని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి.