ఖనిజాల సేకరణ: కొనడం మంచిదా, మార్పిడి మంచిదా?

బెంగళూరులో ఉంటూ ఖనిజాలు, రత్నాలు సేకరించాలనుకునేవారు మొదట కొన్ని కొని, ఆ తరువాతే ఇతర సేకరణదారులతో నమూనాల మార్పిడికి దిగడం మేలని నా అభిప్రాయం. మహారాష్ట్రలోని జల్గావ్, నాసిక్ ప్రాంతాల బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) క్వారీల్లో దొరికే అపోఫిల్లైట్, స్టిల్‌బైట్ స్ఫటికాలను విదేశాల్లో సేకరించేవారు ఎంతో ఇష్టపడతారు కనుక, మంచివి కనిపిస్తే రెండేసి కొని ఉంచుకోండి. రెండోది మార్పిడికి అక్కరకొస్తుంది. లాల్‌బాగ్ గుట్ట నుంచి మాత్రం చిన్న ముక్క కూడా తీయకండి, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ శిల జాతీయ భూవైజ్ఞానిక స్మారకం.

చిక్కపేట వంటి చోట్ల కెంపులు కొనేటప్పుడు పది రెట్ల భూతద్దం దగ్గర ఉంచుకోవాలి. పగుళ్లలో సీసపు గాజు నింపిన కెంపును వెలుగులో అటూ ఇటూ తిప్పితే పగులు వెంట నీలి మెరుపు, లోపల గాలి బుడగలు కనిపిస్తాయి. అటువంటి రాయి నిమ్మరసం తగిలినా పాడవుతుంది.

అన్నింటికంటే జాగ్రత్తగా దాచవలసింది చీటీ. ఖనిజం పేరు, దొరికిన క్వారీ లేదా ఊరు రాసిన చీటీ లేని నమూనాకు మార్పిడిలో సరైన విలువ రాదు. గీతలను తట్టుకునే గుణాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో అపోఫిల్లైట్ కాఠిన్యం సుమారు 5, క్వార్ట్జ్‌ది 7 కనుక రెండూ ఒరుసుకోకుండా వేర్వేరు పెట్టెల్లో ఉంచండి.