తెర మీద చూసిన ఆపరేషన్ లాగ్‌బుక్కుకెక్కుతుందా?

ప్రశ్న (కోవిడ్ కాలంలో వచ్చింది): 2019లో ఎం.ఎస్. జనరల్ సర్జరీలో చేరాను. మరుసటి మార్చిలో లాక్‌డౌన్. అత్యవసరం కాని ఆపరేషన్లన్నీ వాయిదా పడ్డాయి, మమ్మల్ని కోవిడ్ వార్డులకు వేశారు. క్లాసులన్నీ ఫోన్లోనే. డ్యూటీలో పీపీఈ విప్పి, స్నానం చేసి హాస్టల్‌కి చేరేసరికి సగం పాఠం అయిపోయేది. ఇప్పుడు మూడో ఏడాది. నా చేత్తో చేసిన హెర్నియాలు నాలుగే. తెర మీద చూసినవి కూడా లాగ్‌బుక్కులో (మేం చేసిన ఆపరేషన్ల లెక్క రాసే పుస్తకం) 'సాయం చేసినవి' కింద రాసెయ్యమంటున్నారు సీనియర్లు. రాయనా?
– ఒక పీజీ, విశాఖపట్నం

జవాబు: రాయకు తల్లీ. (నువ్వు అంటున్నానని ఏమనుకోకు, ముప్ఫై ఏళ్లు పీజీలకు సర్జరీ చెప్పిన నోరిది.) చూసినవి, సాయం చేసినవి, పెద్దల ఎదుట చేసినవి, సొంతంగా చేసినవి అని వేరువేరుగా రాయించేది ఎగ్జామినర్ కోసమే అనుకున్నావా? రేపు పాడేరు ఏజెన్సీలో అర్ధరాత్రి కేసొస్తే ఏది నీ చేతికి వచ్చో నీకు తెలియడానికి. 'చూసినవి' కింద రాసి, పక్కన 'ఆన్‌లైన్' అని పెట్టు.

అలాగని ఆ క్లాసులు దండగ అనను. మొదట్లో నేనూ వెటకారం చేసినవాణ్ణే. ఉచిత జూమ్ 40 నిమిషాలకు తెగిపోయేది, సరిగ్గా నేను అసలు సంగతికొచ్చే వేళకి! కానీ ఆపరేషన్ థియేటర్లో నేను హెర్నియా చేస్తుంటే వెనక నిలబడ్డ పీజీకి కనిపించేది నా వీపేగా. ల్యాప్రోస్కోపీ (చిన్న కన్నాల్లోంచి కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషన్) అయితే సర్జన్ చూసేదీ తెరే, నువ్వు చూసేదీ అదే బొమ్మ. గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీసే వీడియో పెట్టినప్పుడు, నాళాన్ని మూసే క్లిప్పు వేసే ముందు వీడియో ఆపమని మీ సార్‌ని అడుగు. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తున్నవి రెండే నాళాలని తేలిందా, ఇంకా విడదీయాలా? నోరు తెరిచి చెప్పు. కామన్ బైల్ డక్ట్‌ను (పైత్యరసాన్ని పేగుకి చేర్చే పెద్ద నాళం) పొరపాటున కోసేది అక్కడే. ఆ నిర్ణయం నేర్చుకోడానికి తెర చాలు.

చేతికి చాలదు. నీ చెయ్యి ఎడమకి పోతే లోపల పరికరం కొన కుడికి పోతుంది. చూస్తే వచ్చే విద్య కాదిది. పూర్ణా మార్కెట్లో ఏ కిరాణా కొట్టువాడైనా అట్టపెట్టె ఇస్తాడు. పైన చిన్న కిటికీ కోసి, టార్చ్ వెలిగించిన ఫోను కెమెరాను దాని మీద ఆనించు. ముందువైపు రెండు కన్నాలు. పారేసే పాత గ్రాస్పర్లు (లోపల పట్టుకోడానికి వాడే పొడవాటి పరికరాలు) ఉంటే థియేటర్ సిస్టర్‌ని అడుగు. ఫోనులో చూస్తూ ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి సెనగలు వెయ్యి. మొదటి రోజు పది గింజలకే భుజాలు లాగేస్తాయి. కుట్లకు తోలుతో ఉన్న కోడికాలు మంచిది. ముడులంటావా, ఆంధ్ర మెడికల్ కాలేజీ హాస్టల్లో నాకు దోమతెర తాళ్లే దిక్కు. తెల్లారి ఆ ముడులు విప్పడానికి మా రూమ్మేట్‌కి కత్తెర కావాల్సొచ్చేది.

మిగిలిన నెలల్లో ఎమర్జెన్సీ రాత్రులు ఎక్కువ వేయించుకో. ఆ లాగ్‌బుక్కే పట్టుకుని మీ యూనిట్ చీఫ్ దగ్గరికెళ్లి, "సార్, హెర్నియాలు నాలుగే అయ్యాయి, వచ్చే లిస్టులో ఒకటి నాకివ్వండి" అను. నలభై రాసిన పుస్తకం చేతిలో పెట్టుకుని అయిదోది ఎలా అడుగుతావమ్మా?