నల్లా నీళ్లా, ఆర్వో నీళ్లా? టీడీఎస్ మీటర్‌ని అడిగితే లాభం లేదు

ప్రశ్న: మాది నల్గొండ టౌన్. మా నల్లా నీళ్లకు టీడీఎస్ మీటర్ 310 చూపిస్తోంది, ఆర్వో నీళ్లకు 45. ఆర్వో తాగితే ఎముకలు గుల్లబారతాయని మా మామగారు అంటారు. ఈ జిల్లా నీళ్లంటేనే ఫ్లోరైడ్ అని మా ఆయన. రోజూ ఇదే పంచాయితీ. ఎవరిది కరెక్ట్?

జవాబు:

ఇద్దరూ ఆ మీటర్ మీద అంకె పట్టుకుని కొట్లాడుతున్నట్టున్నారు. మీ ఇంట్లో తేలాల్సిన విషయం ఆ మీటర్‌కు తెలియనే తెలియదు. నేను మునుగోడు వైపు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, ఈ గొడవ మా స్టాఫ్ రూంలో కూడా ఉన్నదే.

టీడీఎస్ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో అంతే. దాన్నిబట్టి లీటరులో ఇన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉండొచ్చని లెక్కగట్టి చూపిస్తుంది. అవి ఏ లవణాలో చెప్పదు. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల చక్కెర కలిపి మీటర్ ముంచండి, అంకె పెరగదు. క్రిములున్నా అంతే. మన దేశపు ప్రమాణాల్లో తాగే నీళ్లకు టీడీఎస్ 500 దాకా మంచిదే, వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్‌కు మాత్రం హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. మూడొందల పైచిలుకు అంకెలో ఆ ఒకటిన్నర ఎక్కడ కనపడుతుంది? పొద్దున ఒకసారి, మాపు ఒకసారి చూస్తే మీటరే అంతకన్నా ఎక్కువ తేడా చూపిస్తుంది.

మా బడిలో ఓసారి పిల్లలను వాళ్ల వాళ్ల ఇళ్ల నుంచి, బావుల కాడి నుంచి నీళ్లు సీసాల్లో తెమ్మన్నాను. ఫ్లోరైడ్ చూసే చిన్న కిట్ ఉంటుంది. కొలత ప్రకారం నీళ్లు పోసి రెండు మూడు చుక్కల మందు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ అది పసుపులోకి తిరుగుతుంది. పిల్లలంతా ఉప్పు నీళ్ల బోరు మీదే పందెం కాశారు. గిన్నెలకు తెల్లగా పొలుసు కడుతుంది, నోట్లో పెట్టుకోలేం, కాబట్టి అదే పాడు నీళ్లని వాళ్ల లెక్క. ఆ సీసా గులాబీ రంగులోనే ఉంది. పసుపు పచ్చగా తిరిగింది ఊరంతా మెచ్చుకునే బోరు. "సార్, గా నీళ్లల్ల పప్పు జల్ది ఉడుకుతది" అని ఒక పిల్ల గొణిగింది.

ఆ పిల్ల చెప్పినదాంట్లోనే కారణం ఉంది. పప్పు తొందరగా ఉడికిందంటే ఆ నీళ్లలో కాల్షియం తక్కువని అర్థం. మన దగ్గర అంతా గ్రానైటు రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది, రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచిన నీళ్లలోకి అది కరిగి దిగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే దాంతో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా చాలావరకు అడుక్కు పోతుంది. కాల్షియం తక్కువై బైకార్బొనేటు ఎక్కువుంటే నీళ్లలోనే ఉండిపోతుంది. ఉప్పు నీళ్లన్నీ మంచివని కాదు నేననేది. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు, నాలుకతో తేలే పని కాదు. మరిగిస్తే పోతుందనుకునేవాళ్లున్నారు, పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి మిగిలిన దాంట్లో ఇంకాస్త చిక్కనవుతుంది.

మీ ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిన మనుషులను, దొడ్డికాళ్ల పిల్లలను చూస్తూ పెరిగినవాళ్లం మేము. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పెట్టింది, ఇథియోపియా, టాంజానియాల్లో కూడా దాన్ని వాడి చూశారు. మన జిల్లా పేరు అంత దూరం పోయింది ఇందుకోసం!

కానీ ఆయన భయం బోరు నీళ్ల గురించి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం కింద ఇక్కడ వచ్చేది శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు, నాగార్జున సాగర్ నుంచి వచ్చేవి. నది నీళ్లకు గ్రానైటు బోర్ల ఫ్లోరైడ్ ఉండదు. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రమే చెప్పింది. ఆ మాట నల్లా నీళ్లకు వర్తిస్తుంది, భూమిలో ఉన్న నీళ్లకు కాదు. బోర్లు ఎప్పటిలాగే ఉన్నాయి. అందుకే ముందు మీ సంపులోకి ఒకసారి తొంగిచూడండి. చాలా ఇళ్లలో నల్లా పైపు, బోరు పైపు రెండూ ఒకే సంపులో పడతాయి. రెండు రోజులు నల్లా బంద్ అయితే బోరు మోటరు వేస్తారు, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. మీ 310 నల్లా కాడ పట్టిన నీళ్లదా, సంపులోదా?

ఇక మామగారి సంగతి. ఆర్వో అంటే నీళ్లను సన్నని పొర గుండా ఒత్తి ఫ్లోరైడ్‌తో సహా లవణాలను చాలావరకు తీసే మిషన్, అది కాల్షియం కూడా తీసేస్తుందన్నది నిజమే. కానీ లెక్క చూడండి. లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీళ్లు మూడు లీటర్లు తాగితే 120 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూర, రాగులు తినే ఇంట్లో ఆర్వో వల్లే ఎముకలు గుల్లబారవు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన మనిషి అరవై దాటాక మోకాళ్ల నొప్పులు వస్తే, మొన్న పెట్టించిన ఆర్వోను తిట్టడం నాకు విచిత్రంగా ఉంటుంది.

ఆ భయం వల్ల ఇంకో ముప్పుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మినరల్స్ పోతున్నాయని గొడవ చేస్తే మెకానిక్ వచ్చి మిషన్‌లో చిన్న స్క్రూ తిప్పుతాడు, టీడీఎస్ 45 నుంచి 120 అవుతుంది, అందరూ ఖుష్. అతను మినరల్స్ ఏమీ కలపలేదు. ఆర్వో పొర గుండా పోని నీళ్లు కొన్ని పక్కదారిలో తెచ్చి కలిపాడు. నల్లా నీళ్లయితే నష్టం లేదు. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు అనుకోండి, పావు వంతు అలా కలిపితే ఒక మిల్లీగ్రాము తిరిగొచ్చినట్టే. డబ్బులు పెట్టి తీయించినదాన్ని మళ్లీ కలుపుకోవడం. బోరు నీళ్లకు ఆర్వో పెట్టినవాళ్లు ఆ స్క్రూ పూర్తిగా మూసే ఉంచమనండి.

అమ్మేవాళ్ల మాయ సంగతి కూడా చెప్పాలి. మా చెల్లె ఇంటికి ఒకతను రెండు గ్లాసులు, కరెంటు కడ్డీల డబ్బా పట్టుకొచ్చాడు. కడ్డీలు ముంచగానే నల్లా గ్లాసులో ఆకుపచ్చగా, తర్వాత గోధుమ రంగులో తెట్టు లేచింది. ఆర్వో గ్లాసు తేటగానే ఉంది. "చూడండక్కా, మీరు రోజూ తాగే మురికి ఇదే" అన్నాడు. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఆర్వో గ్లాసులో వేసి మళ్లీ కడ్డీలు ముంచమన్నాను. అదే తెట్టు. ఆ మురికి నీళ్లది కాదు, కరెంటు పారితే కరిగిపోయే ఇనుప కడ్డీది. లవణాల్లేని నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి ఆర్వో తేటగా కనపడుతుంది. అతను కోపం చేసుకోలేదు, నవ్వి సంచి సర్దుకున్నాడు. పాపం, కంపెనీ నేర్పినదే చెబుతున్నాడు.

కాబట్టి మీ ఇంటికి నా సలహా: నల్లా నీళ్లు నేరుగా వస్తుంటే, బోరు కలవకపోతే, మీకు ఆర్వో అవసరమే లేదు. ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు మోరీలో పోసే మిషన్ అది. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకుండా చూడమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. క్లోరిన్ వాసన అంటారా, బిందెలో పట్టి కాసేపు మూత తీసి ఉంచితే తగ్గిపోతుంది. దారిలో క్రిములు చేరకుండా కాపాడేది ఆ క్లోరినే. సరిగ్గా కడగని ఫిల్టర్ నీళ్ల క్యానులో ఆ కాపలా ఉండదు.

బోరు కలుస్తుంటే మాత్రం తాగే నీళ్లొక్కటే మారిస్తే చాలదు. మా బంధువుల ఇంట్లో తాగడానికి క్యాను, అన్నం, పప్పు, చాయ్ అన్నీ బోరు నీళ్లతోనే. ఎసరు ఇగిరిపోయేదాకా వండిన అన్నంలోకి ఫ్లోరైడ్ కూడా దిగుతుంది, చాయ్ పత్తాలోనే కొంత ఉంటుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇల్లయితే ఇది ముందు చూడాలి. పళ్లు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ వల్ల పడే గార, తర్వాత ఎంత తోమినా పోదు.

అనుమానం తీరకపోతే గాజు సీసా కాకుండా శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో నల్లా కాడ ఒకటి, సంపులోంచి ఒకటి పట్టి, రెండింటి మీదా పేర్లు రాసి నీటి పరీక్ష ల్యాబ్‌లో ఇవ్వండి. ఊరికే నీళ్లు చూడమంటే సరిపోదు, ఫ్లోరైడ్ చూడాలని నోటితో చెప్పండి. కాగితం వచ్చాక మామగారికి, మీ ఆయనకు చెరొకటి ఇవ్వండి.