ఖాళీ వదిలిన గడుల గురించి

చిరంజీవి మేనకోడలుపిల్లకు అత్తయ్య ఆశీస్సులు.

నైట్ డ్యూటీ నర్సుల ఒత్తిడిపై పరిశోధనకు అనుమతి వచ్చిందని, రోజుకు 6 సార్లు చొప్పున 14 రోజులు వారి ఫోన్లకు ప్రశ్నలు పంపుతావని మీ నాన్న చెప్పినప్పటి నుండి నాకు సంతోషంగానూ ఉంది, నిద్రా పట్టడం లేదు.

ఒక్కోసారి అడిగే ప్రశ్నలు తగ్గించు. బెల్జియంలో విద్యార్థులపై జరిగిన ప్రయోగంలో, రోజుకు ఎక్కువసార్లు అడగడం కంటే ఒక్కోసారి 30 ప్రశ్నలకు బదులు 60 పెట్టడమే జవాబులను ఎక్కువ దెబ్బతీసింది. డ్యూటీ మారే వేళ ఫోను మోగనీయకు.

ఇక నా తప్పు వినవే. మా రోజుల్లో ఇవన్నీ కాగితపు పుస్తకాలే. హాస్టలు అమ్మాయిలకు, ఆయా వేళల్లో మనసెలా ఉందో రాయడానికి రోజుకు నాలుగు గడులున్న పుస్తకాలిచ్చి, ఒక్క గడి ఖాళీగా ఉన్నా పారితోషికం ఇవ్వనని పెద్ద మనిషిలా ప్రకటించాను. చివరి రోజు ఒక గంట ముందుగా వెళ్లేసరికి, వరండా మెట్ల మీద ఒక అమ్మాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నాలుగు గడులు నీలం పెన్నుతోనూ, తర్వాతి నాలుగు నల్ల పెన్నుతోనూ, రెండు వారాల మనోభావాలను ఒకే బిగిన నింపేస్తోంది. ఆ పిల్లను కన్నీళ్లు పెట్టేదాకా మందలించాను. ఆ అబద్ధాన్ని నేర్పింది నా షరతేనని నాకు తట్టనేలేదు.

అంతకంటే ఘోరం మరొకటి చేశాను. నిజాయితీగా సగం గడులు ఖాళీ వదిలిన అమ్మాయిని లెక్కలోంచి తీసేశాను. ఆ ఖాళీలన్నీ తల్లి మంచం దగ్గర ఆసుపత్రిలో గడిపిన రోజులవని తర్వాత తెలిసింది. ఒత్తిడిని వెతుకుతూ ఒత్తిడినే లెక్కలోంచి కొట్టేసిన పరిశోధన నాది.

2002లో ఆర్థర్ స్టోన్ అనే పరిశోధకుడి బృందం రాసిన వ్యాసం చదివి సిగ్గుతో పుస్తకం మూశాను. నొప్పితో బాధపడే రోగుల కాగితపు డైరీలలో, తెరిచిన వేళను పట్టే సెన్సరు దాచి చూస్తే, రోగుల రాత ప్రకారం 90 శాతంగా ఉన్న కంప్లయన్స్, అంటే చెప్పిన వేళకే డైరీ నింపడం, అసలు లెక్కలో 11 శాతమే. నీ ఫోను జవాబిచ్చిన వేళ గురించి అబద్ధమాడనివ్వదు, నిజమే. అయినా రోగి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ నర్సూ నీ ప్రశ్నకు జవాబివ్వదు. కాబట్టి 80 శాతం జవాబులు వచ్చాయని మురిసిపోకుండా, రానివి ఏ షిఫ్టువో, ఏ గంటవో విడిగా చూడు. డబ్బును నూటికి నూరు జవాబులకు ముడిపెట్టకు. జవాబులు ఆగిపోయిన మనిషికి మూడో రోజున నువ్వే ఫోను చేసి, ముందు క్షేమం అడుగు, తర్వాత పరిశోధన సంగతి ఎత్తు.

మొదట వారం పాటు నీ మీదే పరీక్షించుకో. అన్నం వేళకు తినకుండా ఫోను పట్టుకు కూర్చుంటే మాత్రం ఊరుకోను. నా నంబరు కూడా చేర్చు. మధ్యాహ్నం రెండింటికి మోగితే నేను పలకను, కునుకులో ఉంటాను. అది కూడా రాసుకో.