స్కూబాకు వెళ్తే స్నార్కెల్ కూడా కావాలా?

ప్రశ్న: వచ్చే జనవరిలో అండమాన్‌లోని హేవలాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు) చేయబోతున్నాను. వీపు మీద గాలి ట్యాంకు ఉండగా స్నార్కెల్ (నీటిపై ముఖం ముంచి ఈదుతూ ఊపిరి తీసుకునే గొట్టం) దండగ అని స్నేహితులు అంటున్నారు. దుకాణం వాళ్లేమో, నీరు రాకుండా పైన వాల్వు ఉన్న ఖరీదైన ‘డ్రై’ స్నార్కెల్ కొనమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: నీటి లోపల మీ స్నేహితుల మాటే నిజం. పది మీటర్ల లోతులో స్నార్కెల్ ఎందుకూ కొరగాదు. దాని అవసరమంతా నీటి పైనే.

సాధారణంగా ట్యాంకులో 200 బార్ (బార్ అంటే పీడనపు కొలత) గాలితో దిగుతాం, 50 బార్ మిగిలి ఉండగానే పైకి రమ్మంటారు. తీరా తేలాక చూస్తే పడవ ఎక్కడో ఉంటుంది. జాకెట్లో గాలి నింపుకొని వెల్లకిలా తేలడం నిలకడ నీటిలో హాయిగానే ఉంటుంది. గాలి లేచిందా, అల వచ్చిన ప్రతిసారీ నోట్లోకి ఉప్పు నీళ్లే. అప్పుడు బోర్లా తిరిగి స్నార్కెల్‌తో ఊపిరి తీసుకుంటూ ఈదితే ట్యాంకులోని ఆ కాస్త గాలి అలాగే ఉంటుంది. హేవలాక్ నీమో రీఫ్‌లో ఒడ్డు నుంచే నడిచి దిగుతారు కాబట్టి, వెళ్లేటప్పుడు కూడా ఇదే లాభం. గొట్టంలోకి నీరు వస్తే ఒక్క ఊపున గట్టిగా ఊదేయండి. ఆ తర్వాతి శ్వాస మాత్రం మెల్లగా తీసుకోండి, అడుగున ఇంకా కొన్ని చుక్కలు ఉంటాయి.

స్నార్కెల్‌ను మాస్కుకు ఎడమవైపే తగిలించుకోవాలి. ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది, రెండూ ఒకే వైపు ఉంటే చిక్కుపడతాయి. నోట్లోది తీసి ఇంకొకటి పెట్టుకోవడం కోర్సులోనే నేర్పిస్తారు. దిగే ముందు నోట్లో ఉన్నది రెగ్యులేటరేనా అని చూసుకోండి. నవ్వకండి, స్నార్కెల్‌తోనే మునగబోయే వాళ్లను చాలామందిని ఆపాను.

అయితే ఎప్పుడూ మాస్కుకే ఉంచాలని చెప్పను. ప్రవాహం ఎక్కువగా ఉన్నచోట అది ఊగుతూ మాస్కును లాగుతుంది. నేను డైవ్ చేసే రుషికొండ వైపు పాత వలల ముక్కలు కనిపిస్తూనే ఉంటాయి, తగులుకోవడానికి పొడుచుకొచ్చిన గొట్టం ఒకటి చాలు. మునిగిన ఓడల దగ్గరా అంతే. అలాంటి చోట్ల మడిచే రకాన్ని జేబులో పెట్టుకుంటాను.

ఇక ఆ ‘డ్రై’ రకం స్కూబాకు వద్దు. పైనున్న ఆ బరువైన తల నీటిలో మాస్కును పక్కకు లాగుతుంది, ఇసుక చేరితే వాల్వు మొరాయిస్తుంది. మామూలు వంపు గొట్టం చాలు. అదీ ఇప్పుడే కొనకండి, కోర్సుకు కావలసిన సామాను కేంద్రం వాళ్లే ఇస్తారేమో ముందు అడగండి.

డబ్బు పెట్టాలనుకుంటే మంచి మాస్కు మీద పెట్టండి. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి వదిలినా అతుక్కుని ఉంటే అది మీకు సరిపోయినట్టే. మీసం ఉంటే ముక్కు కింద నీరు కారుతుంది. మొత్తం తీసేయనక్కర్లేదు, మాస్కు అంచు ఆనే చోట సన్నగా కత్తిరించుకుంటే చాలు.