తోట దాహం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంటి ముందు స్థలంలో ఎక్కువ భాగం పచ్చికే. దాని అంచుల వెంట గులాబీలు, మందారాలు, ఒక కాగితం పూల తీగ ఉన్నాయి. ఎండాకాలంలో రెండు పూటలా పైపుతో తడిపినా చాలడం లేదు. అన్నీ తీసేసి కంకర పరిచి, నాలుగు ముళ్ల మొక్కలు పెట్టుకోమని తెలిసినవారు చెబుతున్నారు. నీటి పొదుపు కోసం అందాన్ని వదులుకోక తప్పదా?

జవాబు: వదులుకోనక్కరలేదు. తక్కువ నీటితో పెంచే తోటల పద్ధతికి 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సరఫరా సంస్థ ‘జెరిస్కేప్’ అని పేరు పెట్టింది. పొడి అనే అర్థమున్న ‘జెరోస్’ అనే గ్రీకు మాట అందులో ఉంది. ఆ పేరును ‘జీరోస్కేప్’ అని విని, పచ్చదనమే లేని నేల అని పొరబడినవారు మొదటి నుంచీ ఉన్నారు. మీకు వచ్చిన సలహా కూడా అటువంటిదే. ఆరుబయట పరిచిన కంకర పగలంతా ఎండను పీల్చుకుని, పొద్దుపోయాక కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ సెగకు పక్కనున్న మొక్కల దాహం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మీ తోటలో అసలు చిక్కు మొక్కల ఎంపికలో కంటే వాటిని కలిపి నాటడంలో ఉంది. గులాబీకి నేల ఎక్కువ ఆరకుండా తడి అందుతుండాలి. కాగితం పూల తీగ వేరు పట్టాక నీరు కాస్త తగ్గితేనే విరగబూస్తుంది, ఎక్కువైతే ఆకు దట్టంగా వేసి పూలు తగ్గిస్తుంది. ఈ రెండింటినీ ఒకే పాదులో పెంచి, గులాబీని చూసి నీళ్లు పోస్తే తీగ పూయదు, తీగను చూసి ఆపితే గులాబీ వాడుతుంది. నేనూ తోటపని మొదలుపెట్టిన కొత్తలో ఈ తప్పే చేసి, రెండేళ్లపాటు పూయని తీగకు ఎరువులు వేస్తూ పోయాను.

అందువల్ల ఏ మొక్కనూ పీకక ముందు కాగితం మీద మీ స్థలం పటం గీసుకోండి. ఎండ ఎక్కడ ఎంతసేపు ఉంటుందో, నీడ ఎటు పడుతుందో, నేల ఎటు వాలిందో, ఇంటి కప్పు మీది వాన నీరు ఎక్కడ దిగుతుందో అందులో గుర్తు పెట్టండి. తర్వాత దాహాన్ని బట్టి మొక్కలను మూడు జట్లుగా విడదీయండి. తరచూ నీరు కోరే గులాబీల వంటివాటిని కొద్ది సంఖ్యలో, గుమ్మం దగ్గరా కిటికీ ఎదుటా, అంటే రోజూ కళ్ల ముందు ఉండే చోట నాటుకోవాలి. మందారం, నూరు వరహాల వంటి ఒక మాదిరి దాహం గలవి వాటి తర్వాత రావాలి. కాగితం పూలు, బిళ్ల గన్నేరు, కలబంద, ఎడారి గులాబీ వంటివి ప్రహరీ పక్కన, ఎండ కాచే చోట హాయిగా బతుకుతాయి. గన్నేరు కూడా ఆ జట్టులోదే కాని, దానిలో అణువణువూ విషమే కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇలా విడదీసిన తోట చూపుకూ కుదురుగా ఉంటుంది. ఒక్కో రకం ఒక్కో మొక్క చొప్పున చల్లినట్లు నాటే కంటే ఒకే రకాన్ని అయిదారు కలిపి గుబురుగా నాటితే రంగు నిండుగా కనిపిస్తుంది. వెనుక ఎత్తైన పొదలు, ముందు నేలను కప్పే మొక్కలు ఉంటే మట్టి మీద ఎండ పడదు, కలుపూ తగ్గుతుంది. పూలు లేని నెలల్లో తోటను నిలబెట్టేది ఆకే కనుక, వెండి రంగు, ముదురు ఆకుపచ్చ, సన్నని గడ్డి వంటి ఆకులను పక్కపక్కన ఉంచండి.

పచ్చికను పూర్తిగా తీసేయమని నేను చెప్పను. పిల్లలు ఆడుకునే చోట, కుటుంబమంతా కూర్చునే చోట ఉంచి, ఎవరూ అడుగుపెట్టని సన్నని పట్టీల్లోనూ, నీరు నిలవని వాలులోనూ తీసేయండి. ఉంచిన పచ్చికను ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కత్తిరించకండి. పొట్టిగా గొరిగితే వేరు పైపైనే ఉండిపోయి తొందరగా ఎండుతుంది.

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరవుతుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1,000 లీటర్లు దిగుతాయి. ఆ నీటిని కాలువలోకి వదిలేయకుండా, పునాదికి కనీసం మూడు మీటర్ల దూరంలో తవ్విన లోతు తక్కువ పల్లంలోకి మళ్లించి, చుట్టూ మొక్కలు నాటితే తోటలోని అందమైన మూల అదే అవుతుంది.

ప్రశ్న: డ్రిప్ పెట్టించి రోజూ పది నిమిషాలు వదులుతున్నాము. అయినా మొక్కలు మధ్యాహ్నానికే వాడిపోతున్నాయి. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: గంటకు నాలుగు లీటర్లు ఇచ్చే డ్రిప్పరు పది నిమిషాల్లో ముప్పావు లీటరు కూడా ఇవ్వదు. అది పై మట్టిని తడిపి, కొంత ఆవిరైపోతుంది. వేరు కూడా ఆ పై పొరలోనే అల్లుకుంటుంది. రోజూ కొంచెం ఇచ్చే బదులు, వేరున్న లోతంతా తడిసేలా ఇచ్చి, పై మట్టి ఆరాకనే మళ్లీ ఇవ్వండి. తడి ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే నీరు పెట్టిన మర్నాడు సన్నని ఇనుప చువ్వను గుచ్చి చూడండి. తడిసినంత మేర సులువుగా దిగి, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. ఇసుక నేలలో నీరు నిలువునా జారిపోతుంది కనుక డ్రిప్పర్లు దగ్గరగా ఉండాలి. బంక నేలలో అడ్డంగా పాకుతుంది, నెమ్మదిగా ఇంకుతుంది. అటువంటి చోట కాసేపు వదిలి, ఆపి, మళ్లీ వదలడం మేలు. వేళ మాత్రం తెల్లవారుజామే మంచిది. మొక్క పెరిగిన కొద్దీ డ్రిప్పర్లను మొదలు నుంచి కొమ్మల అంచు కిందికి జరపాలనేది చాలామంది మరచిపోయే విషయం. కరవును తట్టుకునే మొక్క అయినా కొత్తగా నాటినప్పుడు మొదటి ఏడాది, రెండేళ్లు క్రమంగా నీరు అందుకోవలసిందే.

ప్రశ్న: పాదుల్లో ఎండుటాకులు పరిస్తే మొదలు కుళ్లుతుందని అంటున్నారు. నిజమేనా?

జవాబు: మొదలుకు ఆనించి కుప్పగా పోస్తే నిజమే. చుట్టూ జానెడు మేర ఖాళీ వదిలి, 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరిస్తే భయం లేదు. ఆ పొర ఆవిరిని ఆపుతుంది, కలుపును అణుస్తుంది, కుళ్లాక మట్టిని గుల్ల చేస్తుంది. కుళ్లి పలచబడినప్పుడల్లా కొత్త ఆకు వేస్తూ ఉండాలి. చెద భయం ఉంటే ఇంటి గోడకు ఆనకుండా చూసుకోండి.

ప్రశ్న: బట్టలు ఉతికిన నీటిని మొక్కలకు పోయవచ్చునా?

జవాబు: జాడించిన నీటిని పోయవచ్చు, సబ్బు చిక్కగా ఉండే మొదటి నీరు, బ్లీచ్ కలిసినది, పసిపిల్లల మలం గుడ్డలు ఉతికినది వద్దు. సబ్బులలోని సోడియం పేరుకుంటే బంకమట్టి బిగుసుకుపోయి నీరు ఇంకదు. ఆ నీటిని నిలవ ఉంచక ఏ రోజుది ఆ రోజే, ఆకుల మీద పడకుండా పాదులోకి పోయండి, పచ్చిగా తినే కూరగాయలకు వాడకండి. ఆకుల అంచులు మాడినట్లు గోధుమ రంగుకు తిరిగితే ఉప్పు పేరుకుంటున్నదని గుర్తించి, ఆ పాదుకు కొన్ని తడులు మంచినీళ్లే ఇవ్వండి.